తగాదాల నడుమ తెర ఎత్తిన స్టానిస్లావ్‌స్కీ

నాటకం వేయాలని పదిమంది కూర్చున్న చోట మొదటి పేచీ వేషాల పంపకం దగ్గరే వస్తుంది. రాజు వేషం నాకంటే నాకని ఇద్దరు పట్టుబడతారు. భటుడి వేషం ఇచ్చినవాడు మర్నాటి నుంచి రిహార్సళ్లకు రాడు. చందా ఎక్కువ ఇచ్చిన పెద్దమనిషి ఒకటి చెబితే, నాటకం నేర్పే ఆయన ఇంకొకటి చెబుతాడు. అలవాటైన నాటకమైతే ఎలాగో గట్టెక్కుతుంది. ఎవరూ చూడని కొత్త పద్ధతిలో వేయాలంటే ఈ తగాదాలు రెట్టింపవుతాయి. ప్రపంచ ప్రసిద్ధి పొందిన రష్యా నటుడు, దర్శకుడు కాన్‌స్టాంటిన్ స్టానిస్లావ్‌స్కీకి కూడా ఈ బాధ తప్పలేదు. ఆయన దాన్ని ఎలా నెట్టుకొచ్చారో తెలుసుకోవడం మన నాటక సమాజాలకు ఉపయోగం.

స్టానిస్లావ్‌స్కీ 1863లో మాస్కో నగరంలో జన్మించారు. అసలు ఇంటిపేరు అలెక్సేయెవ్. వారిది బంగారు, వెండి జరీ తయారుచేసే సంపన్న కుటుంబం. చిన్ననాటి నుంచి ఇంట్లోనే నాటకాలు ఆడేవారు. పేరున్న వ్యాపారుల బిడ్డ కావడంతో రంగస్థలం కోసం వేరే పేరు పెట్టుకున్నారు. ఆ మారుపేరే లోకంలో నిలిచింది.

18 గంటల మంతనాలు

1897 జూన్‌లో నెమిరోవిచ్ డాన్‌చెంకో అనే నాటక రచయిత ఆయనను కలిశారు. ఈయన నటన నేర్పే గురువు కూడా. మధ్యాహ్నం 2 గంటలకు ఒక హోటల్లో మొదలైన మాటలు, మర్నాడు ఉదయం 8 గంటలకు స్టానిస్లావ్‌స్కీ గారి పల్లెటూరి ఇంట్లో ముగిశాయి. కొత్త నాటక సమాజం పెట్టాలని ఇద్దరూ నిశ్చయించారు. అదే మాస్కో ఆర్ట్ థియేటర్.

ఆ రోజు వారు ముందుగా తేల్చుకున్నది, మాట తేడా వస్తే ఎవరి మాట నెగ్గాలన్నది. నాటకం ఎంపికలో, సాహిత్యంలో చివరి మాట నెమిరోవిచ్‌ది. ప్రదర్శించే తీరులో చివరి మాట స్టానిస్లావ్‌స్కీది. ఇవాళ నాయకుడి వేషం వేసినవాడు రేపు గుంపులో ఒకడిగా నిలబడాలన్నది ఇంకొక కట్టుబాటు. ఆలస్యంగా రావడం, పాఠం నేర్చుకోకపోవడం తప్పులుగా రాసుకున్నారు.

నీళ్లు లేని సమోవర్

1898 వేసవిలో మాస్కోకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని పుష్కినోలో ఒక కొట్టాన్ని బాగుచేసి రిహార్సళ్లు మొదలుపెట్టారు. నటుల్లో ఎక్కువమంది స్టానిస్లావ్‌స్కీతో లోగడ ఆడినవారు, లేదా నెమిరోవిచ్ శిష్యులు. రెండు జట్లు ఒక కప్పు కింద చేరాయి. ఊడ్చడం, సర్దడం, టీ కాయడం వంతులవారీగా అందరూ చేయాలన్నారు. మొదటి వంతు స్టానిస్లావ్‌స్కీయే తీసుకున్నారు. సమోవర్ అంటే నడిమి గొట్టంలో నిప్పులు వేసి నీళ్లు కాచే పాత్ర. ఆయన నీళ్లు పోయకుండానే నిప్పులు వేశారు. పాత్ర కరిగిపోయింది. ఆ పూట ఎవరికీ టీ లేదు. అయినా పెద్దాయనే చీపురు పట్టాక, ఆ పని మాది కాదనే మాట ఇంకెవరు అనగలరు?

సీగల్ పరీక్ష

అసలు పరీక్ష చెహోవ్ రాసిన సీగల్ నాటకంతో వచ్చింది. 1896లో పీటర్స్‌బర్గులో అది ఘోరంగా దెబ్బతిన్నది. అందులో భారీ ఉపన్యాసాలు లేవు. ముఖ్యమైన సంఘటనలు తెర వెనుకే జరుగుతాయి. దాన్ని ఆడి తీరాలన్నది నెమిరోవిచ్ పట్టు. స్టానిస్లావ్‌స్కీకి మొదట ఆ నాటకం అర్థమే కాలేదు. కానీ ఎంపిక తనది కాదన్న ఒప్పందానికి కట్టుబడ్డారు. నెమిరోవిచ్ ఓపికగా విడమరిచి చెప్పారు. స్టానిస్లావ్‌స్కీ ఖార్కోవ్ ప్రాంతంలోని సోదరుడి పొలాల్లో కూర్చుని, ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎక్కడ మౌనం పాటించాలో అంకాలవారీగా రాసి పంపారు. నెమిరోవిచ్ ఆ ప్రకారం నటులకు నేర్పారు. రిహార్సల్ చూసిన చెహోవ్‌కు తెర వెనుక కప్పల బెకబెకలు ఎక్కువనిపించాయి.

అప్పటికి సమాజం దగ్గర డబ్బు కరిగిపోయింది. ఇది పోతే తలుపులు మూయవలసిందే. క్షయ వ్యాధితో యాల్టాలో ఉన్న చెహోవ్‌కు మరో ఓటమి తట్టుకోవడం కష్టమని భయపడిన ఆయన చెల్లెలు, ప్రదర్శన వాయిదా వేయమని ముందురోజు వచ్చి ప్రాధేయపడింది. వాయిదా వేసే స్థితి లేదు. నాటి రష్యా క్యాలెండరు ప్రకారం 1898 డిసెంబరు 17న ఆడారు. మొదటి అంకం ముగిశాక హాలంతా నిశ్శబ్దం. అంతా అయిపోయిందని నటులు గుండెలు పట్టుకున్నారు. ఆ వెంటనే చప్పట్లు మారుమోగాయి. సీగల్ పక్షి బొమ్మే ఆ సమాజానికి చిహ్నమైంది.

కష్టమైన రోజులు

అంతటితో తగాదాలు తీరలేదు. ఆ నాటకంలో యువ రచయిత వేషం వేసిన మేయర్‌హోల్డ్, 1902లో వాటాదారుల్లో తన పేరు లేకపోవడంతో సమాజాన్ని విడిచి వెళ్లారు. 1905లో స్టానిస్లావ్‌స్కీయే ఆయనను పిలిచి ప్రయోగశాల పెట్టించారు. ఫలితం నచ్చక తెరవకుండానే మూసేశారు. ఖర్చంతా తానే భరించారు. నెమిరోవిచ్‌తోనూ దూరం పెరిగి 1908లో పాలకవర్గం నుంచి తప్పుకున్నారు. కానీ నటుడిగా, దర్శకుడిగా సమాజంలోనే కొనసాగారు.

1917లో దొస్తోయెవ్‌స్కీ నవల ఆధారంగా వేసే నాటకంలో ఆయన ఒక వేషాన్ని ఎంతో కాలం సాధన చేశారు. చివరి రిహార్సళ్లలో అది కుదరలేదని నెమిరోవిచ్ ఆ వేషం ఇంకొకరికి ఇచ్చారు. సమాజం పెట్టిన మనిషే కన్నీళ్లు పెట్టుకున్నారు తప్ప ఎదురు చెప్పలేదు. తరువాత ఏ కొత్త నాటకంలోనూ కొత్త వేషం కట్టలేదు.

1938 జనవరిలో ప్రభుత్వం మేయర్‌హోల్డ్ థియేటర్‌ను మూసివేసింది. ఆయనతో మాట్లాడటానికే జనం జంకుతున్న రోజుల్లో స్టానిస్లావ్‌స్కీ తన సంగీత నాటకశాలలో పని ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టు 7న కన్నుమూశారు.

మనుషులు కలిసి పని చేస్తే మాట తేడాలు రాక మానవు. ఏ విషయంలో ఎవరి మాట చివరిదో మొదటి రోజే తేల్చుకోవాలి. ఆ తీర్పు తనకు నష్టం చేసినా పెద్దవాడు తలవంచాలి. స్టానిస్లావ్‌స్కీ అలా తలవంచారు గనుకనే ఆ సమాజం నిలిచింది.