బంతాట పంతులు – జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్

మన పిలకాయల్లో క్రికెట్ ఆటగాళ్ల పేర్లు తెలియనివారు లేరు. కానీ భారత ఫుట్‌బాల్‌ను ఆసియాలో అగ్రస్థానానికి చేర్చిన హైదరాబాదు బడిపంతులు ఎవరంటే చెప్పగలిగేవారు కొద్దిమందే. ఆయనే జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. అందరూ రహీం సాబ్ అనేవారు.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టులో ఆడారు. పట్టా పుచ్చుకున్న తర్వాత ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించి, పలు పాఠశాలల్లో చదువు చెప్పారు. వ్యాయామ విద్యలోనూ శిక్షణ పొందారు. పొద్దున బడి, సాయంత్రం మైదానం – ఇదీ ఆయన దినచర్య.

1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆటగాడు పదవిలోకి వచ్చాడంటే ఆట మరచి కుర్చీని పట్టుకుంటాడని లోకం అనుకుంటుంది. రహీం సాబ్ అలా చేయలేదు. పదవిని ఆటకే వాడారు. చిన్నపిల్లలకు ప్రత్యేకంగా పోటీలు పెట్టారు. వాటిలో కొన్నింటిలో అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలని నియమం! రెండు కాళ్లూ ఒకేలా పనిచేయాలని ఆయన పట్టుదల. అమ్ముగూడ నుంచి రావడానికి దారిఖర్చు లేని బలరాం అనే పేద కుర్రాడికి అద్దె సైకిలుకు డబ్బిచ్చి మరీ పిలిపించుకున్నారు. ఆ తులసీదాస్ బలరామే తర్వాత దేశం మెచ్చిన ఆటగాడయ్యాడు.

1948లో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. అక్కడి ఎన్నో ముస్లిం కుటుంబాలకు ఉద్యోగాలు పోయి, దిక్కుతోచని కాలమది. అటువంటి రోజుల్లో రహీం సాబ్ శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన భారత జట్టుకూ శిక్షకులయ్యారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో మనవాళ్లు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం తెచ్చారు.

అన్నీ గెలుపులే అనుకోకండి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తయ్యారు. రహీం సాబ్ కుంగిపోలేదు, లోపం ఎక్కడుందో వెదికారు. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్‌లో అదే భారత్ ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది.

ఇక 1962 జకార్తా సంగతి. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వలేదని మన ప్రతినిధి ఒకరు అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనానికి భారతీయులంటేనే మంట. మైదానమంతా ఈలలు, కేకలు. పైగా తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 ఓటమి. రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమైతే రహీం సాబ్ అతణ్ణి ముందు వరుసలోకి మార్చారు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోలు, కట్టుకట్టిన తలతో జర్నైల్ ఒక గోలు – 2–1తో స్వర్ణం మనదైంది!

ఏడాది తిరగకముందే, 1963 జూన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది. అప్పటికి వయస్సు 53. చనిపోయేదాకా సంఘం కార్యదర్శిగానే ఉన్నారు. ఆయన తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మన దేశానికి మళ్లీ దక్కలేదు. కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం ఒలింపిక్ జట్టు సభ్యులుగా, అంతర్జాతీయ రిఫరీగా తండ్రి బాటలోనే నడిచారు. 2024లో వచ్చిన మైదాన్ హిందీ చిత్రంతో ఈ తరానికి రహీం సాబ్ పేరు మళ్లీ వినబడింది.

తల్లిదండ్రులారా! ఆడితే చదువు చెడుతుందని పిల్లల్ని కట్టేయకండి. చదువు, ఆట రెండూ ఒకే చేతిమీదుగా నేర్పిన పంతులు మనలో ఉండేవారు. పదవిలో ఉన్న పెద్దలు కూడా ఒక్కమాట గుర్తుంచుకోవాలి: పేద పిల్లవాడికి ఆయన ఇచ్చిన ఆ సైకిలు అద్దె దేశానికి ఎన్నో రెట్లుగా తిరిగివచ్చింది.