మంచుయంత్రము నిర్మించిన వైద్యుడు
వేసవియందు తిరువళ్లూరు, తిరుత్తణి వీధులలో మంచుగడ్డ అమ్మువానిని చూచినపుడెల్ల మాకు డాక్టరు జాన్ గోరీ జ్ఞప్తికి వచ్చును. 1842లో చెన్నపురి ఐస్‌హౌస్ కట్టినపుడు అందు చేరినది అమెరికా సరస్సుల మంచే. ఆ కాలముననే ఫ్లారిడాలోని అపలాచికోలా పట్టణమున గోరీ జ్వరరోగుల గదులలో కప్పునుండి మంచుగడ్డలు వ్రేలాడదీయుచుండెను. ఓడ రాకున్న చికిత్స లేదు. కనుక గాలిని అదిమి, చల్లార్చి, మరల వ్యాకోచింపజేసి మంచు పుట్టించు యంత్రమును నిర్మించెను. 1851 మే 6న 8080వ సంఖ్యతో పేటెంటు లభించెను.

వైద్యాధికారపత్రము కూడు పెట్టును. పేటెంటు హక్కునేగాని మూలధనము నీయదని న్యాయవాదవృత్తిలోనున్న మేమెరుగుదుము. సాయపడిన భాగస్వామి మరణించెను, పరిహాసమే మిగిలెను. 1855లో గోరీ గతించెను. 1874లో చెన్నపురియందు ఆవిరియంత్రముతో మంచు చేయనారంభించిరి. గోరీ పేటెంటునకు గల పదునాలుగేండ్ల గడువు అప్పటికి తొమ్మిదేండ్ల క్రిందటనే తీరినది.