ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ (1795–1853): బాగ్దాదు నుంచి చిత్తూరు దాకా

అమెరికాలో ఏ పార్టీ గద్దెనెక్కినా ఇజ్రాయెల్ పక్షమే ఎందుకు పడుతుంది? నమాజు అయినాక మస్జిదు అరుగు మీదా, టీ అంగడి ముందరా మనవాళ్లు తరచుగా వేసుకునే ప్రశ్న ఇది. చమురు అనీ, ఆయుధాల బేరమనీ, ఓట్ల లెక్క అనీ తలా ఒక జవాబు చెబుతారు. అవన్నీ ఉన్నవే. కాని వాటితోబాటు ఒక మత విశ్వాసం కూడా ఉంది. లోకాంతం దగ్గర పడిందనీ, దానికి ముందు యూదులందరూ పాలస్తీనాకు చేరాలనీ కొందరు క్రైస్తవులు నమ్ముతారు. ఈ నమ్మకం పెరిగిన ఇంటితో మన తెలుగు దేశానికి పాత చుట్టరికమే ఉంది. ఆ చుట్టరికం కలిపిన మనిషి ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. ఆయన జీవితం తెలుసుకుంటే మంచీ చెడ్డా రెండూ తెలుస్తాయి.

గ్రోవ్స్ 1795లో ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో పుట్టారు. పండ్ల డాక్టరుగా ఎక్సెటర్ పట్టణంలో మంచి పేరూ, దండిగా రాబడీ సంపాదించారు. అయినా మనసు నిలవలేదు. అవసరానికి మించిన సొమ్ము దాచుకోవడం విశ్వాసికి తగదని 1825లో ఒక చిన్న పుస్తకం రాశారు. రాసి ఊరుకోలేదు, తన ఆస్తిని నిజంగానే పంచిపెట్టారు. పాదిరీ కావాలని డబ్లిన్‌లో చదువుకు చేరినప్పుడు అక్కడ కొందరు స్నేహితులు దొరికారు. పాదిరీ, బిషప్ అనే అంతస్తులు లేకుండా విశ్వాసులు సమానంగా కూర్చుని ఆరాధించుకోవాలని వారి కోరిక. వారికే తరువాత బ్రదరన్ అని పేరు వచ్చింది. వారిలో ముఖ్యుడు జాన్ నెల్సన్ డార్బీ.

ఈ డార్బీ 1830ల నుంచి ఒక కొత్త సిద్ధాంతాన్ని అల్లుకొచ్చాడు. దేవుడు చరిత్రను యుగాలుగా విభజించాడనీ, క్రైస్తవ సంఘానికి ఒక దారి, యూదులకు వేరొక దారి పెట్టాడనీ చెప్పాడు. మొదట విశ్వాసులు ఆకాశానికి ఎత్తబడతారు. తరువాత భూమ్మీద మహా శ్రమలు వస్తాయి, యూదులు తమ పూర్వ దేశంలో ఉంటారు, ఘోర యుద్ధం జరుగుతుంది. ఆ తరువాత ఈసా అలైహిస్సలాం దిగివచ్చి వెయ్యేండ్లు పాలిస్తారని ఆ లెక్క. ఈ లెక్కలో యూదులలో చాలామంది నాశనమవుతారు, మిగిలినవారు క్రైస్తవులవుతారు. అందువల్ల ఆ ప్రేమలో ఒక షరతు ఉందని మనం గమనించాలి.

గ్రోవ్స్ కూడా ప్రభువు రాక దగ్గరలోనే ఉందని నమ్మినవారే. కాని ఆ నమ్మకం ఆయన్ను దర్బారులకు తీసుకుపోలేదు, బాగ్దాదుకు తీసుకుపోయింది. 1829లో భార్య మేరీ, ఇద్దరు కొడుకులు, చెవిటివాడైన జాన్ కిట్టో అనే యువకుడూ వెంట రాగా రష్యా మీదుగా బయలుదేరి ఆ ఏడాది డిసెంబరుకు బాగ్దాదు చేరారు. దారిలో ఫాండర్ అనే జర్మన్ పాదిరీ కూడా కలిశారు. ఈ ఫాండరే 1854లో ఆగ్రాలో మౌలానా రహ్మతుల్లా కైరానవీ గారితో మునాజరా చేసిన వ్యక్తి.

బాగ్దాదులో గ్రోవ్స్ బడి పెట్టారు, వైద్యం చేశారు. 1831లో ఆ నగరం మీద కష్టాలన్నీ ఒక్కసారే విరుచుకు పడ్డాయి. మార్చిలో ప్లేగు వచ్చింది. ఏప్రిల్‌లో టైగ్రిస్ నది పొంగి ఇండ్లు కూలగొట్టింది. ఆపైన దావూద్ పాషాను దించడానికి వచ్చిన సైన్యం నగరాన్ని ముట్టడించింది. మే నెలలో మేరీ ప్లేగుతో చనిపోయింది. కొద్ది నెలలకే పసిబిడ్డా పోయింది. ముస్లిములు, యూదులు, క్రైస్తవులు అని చూడకుండా మృత్యువు అందరినీ ఒకే తీరుగా తీసుకుపోయింది. యూఫ్రటీస్ నది ఎండిపోతుందనే బైబిలు మాటకు ఉస్మానియా సల్తనత్ పతనమని అర్థం చెప్పే పండితులు ఆ కాలంలో ఇంగ్లండులో చాలామంది ఉండేవారు. దూరాన కూర్చున్నవారికి అది ఒక సూచన. నడుమ ఉన్నవారికి అది ఇంటింటా శవం.

1833లో గ్రోవ్స్ మన దేశానికి వచ్చారు. పిలిచినవారు ఆర్థర్ కాటన్. అవును, తరువాత ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారే. దేశమంతా తిరిగి చూసి, మళ్లీ ఇంగ్లండు పోయి, 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరిని కుటుంబాలతో వెంటబెట్టుకొని మద్రాసులో దిగారు. ఆ ఇద్దరూ నరసాపురం, పాలకొల్లు వైపు పోయి గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. (మన నెల్లూరులో 1840లో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్ వేరు, ఇది వేరు.) గ్రోవ్స్ మాత్రం చిత్తూరులో స్థిరపడ్డారు. ఒకరి మీద ఆధారపడకూడదని మల్బరీ తోటలు వేసి పట్టు పురుగులు పెంచారు, వ్యవసాయం చేశారు. లాభం రాలేదు సరిగదా అప్పుల పాలయ్యారు. అయినా ఈ దేశపు సేవకులను నౌకర్లలాగా కాక సాటివారిగా చూడాలన్న పట్టు విడువలేదు. ఆయన శిష్యుడైన తిరునెల్వేలి అరుళప్పన్ సొంతంగా సంఘాన్ని నడిపిన మనిషి.

గ్రోవ్స్ 1836లో ఇండియాకు బయలుదేరేముందు డార్బీకి ఒక ఉత్తరం రాశారు. మనుషుల్లోని వెలుగు చూడక తప్పులే వెతికితే మనం కూడా ఇంకొక ముఠా అవుతామని దాని సారాంశం. అట్లాగే జరిగింది. 1848లో బ్రదరన్ రెండుగా చీలారు. 1853 మే 20న గ్రోవ్స్ బ్రిస్టల్‌లో బావగారైన జార్జి ముల్లర్ ఇంట్లో కన్నుమూశారు. ఆయన దాచిపెట్టిన ఆస్తి ఏమీ లేదు.

ఇక రెండో దారి సంగతి. డార్బీ కూడా తన వారిని రాజకీయాలకు దూరంగా ఉండమనే చెప్పాడు. కాని యూదులు తిరిగి రావాలనే నమ్మకం అప్పటికే లండన్ పెద్దల్లో ఉంది. షాఫ్ట్స్‌బరీ ప్రభువు దాన్ని పట్టుకొని విదేశాంగ మంత్రి పామర్‌స్టన్‌ను ఒత్తిడి చేసి 1838లో జెరూసలేంకు వైస్ కాన్సల్ నియామకం సాధించాడు. డార్బీ 1862 నుంచి పలుమార్లు అమెరికా తిరిగాడు. ఆ బోధ అక్కడ నాటుకుంది. 1891లో బ్లాక్‌స్టోన్ అనే బోధకుడు 413 మంది ప్రముఖుల సంతకాలతో పాలస్తీనాను యూదులకు ఇప్పించమని అధ్యక్షుడు హారిసన్‌కు అర్జీ పెట్టాడు. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ బైబిలు ఆ సిద్ధాంతాన్ని ఇంటింటికీ చేర్చింది.

1917 నవంబరు 2న బ్రిటిషువారు బాల్ఫర్ ప్రకటన చేశారు. యుద్ధ అవసరాలే అందుకు పెద్ద కారణం అయినా, ప్రధాని లాయిడ్ జార్జి బైబిలు చదువుతో పెరిగినవాడనేది మరువరాదు. పాలస్తీనా యుద్ధానికి మన హైదరాబాదు లాన్సర్లు కూడా పోయారు. 2018 మే 14న అమెరికా తన ఎంబసీని జెరూసలేంకు మార్చినప్పుడు ఆ సభలో ప్రార్థన చేసినవారిలో జాన్ హేగీ అనే పాస్టరు ఉన్నాడు. అంత్యకాల ప్రవచనాలు బోధించి పేరుపొందినవాడు ఆయన. అదే రోజు గాజా సరిహద్దులో 60 మంది దాకా పాలస్తీనా వాసులు చనిపోయారు.

అయితే మన ఇరుగు పొరుగు క్రైస్తవ సోదరులను ఈ లెక్కలో కట్టడం అన్యాయం. క్యాథలిక్, లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాలకు ఈ సిద్ధాంతం అధికార బోధ కాదు. జెరూసలేం చర్చి పెద్దలు కొందరు 2006లో దాన్ని బాహాటంగా తిరస్కరించారు. పాలస్తీనాలో కష్టపడేవారిలో క్రైస్తవులూ ఉన్నారు.

మనకూ ఒక హెచ్చరిక ఉంది. దజ్జాల్ వచ్చేశాడు, ఫలానా ఏడాదే ఖయామత్ అని చెప్పే కరపత్రాలూ, ఉపన్యాసాలూ మన బిరాదరీలోనూ తిరుగుతున్నాయి. ఆ ఘడియ ఎప్పుడో అల్లాహ్‌కు మాత్రమే తెలుసునన్నది మన పిల్లలు మక్తబ్‌లోనే నేర్చుకునే పాఠం. తెలియని ఘడియకు లెక్క కట్టేవాడు త్వరలోనే దాన్ని తొందరపెట్టాలని చూస్తాడు. అప్పుడు ఎదుటివాడి ఇల్లూ, బిడ్డా అతనికి కనబడవు. ఖయామత్ వస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటమని మన దీన్ నేర్పింది. లోకాంతాన్ని నమ్మిన గ్రోవ్స్ దొర చిత్తూరులో బతికినన్నాళ్లూ తోట వేశాడు, సాటి మనిషిని సమానంగా చూశాడు. ఆయన మతం మనది కాకపోయినా ఆ నడత మనం మెచ్చుకోదగినది.