కెన్నెత్ ఆండర్సను జీవితము - ఆయన యేరుకొనిన తుపాకి

మన నవీపేట స్టేషనునుండి దక్షిణముగా పోవు రైలు జానకంపేట, నిజామాబాదు, కామారెడ్డి, మేడ్చల్ దాటి, సికిందరాబాదు చేరుటకు ముందు బోలారము అను చిన్న స్టేషనును దాటును. 1900 ప్రాంతమున వేయబడిన యీ రైలుదారికి ప్రక్కన నున్న బోలారము, నిజాము ప్రభువుల కాలమున ఇంగ్లీషు దండుల విడిది. ఆ యూరనే 1910వ సంవత్సరము మార్చి 8వ తేదీన కెన్నెత్ డగ్లస్ స్టువర్టు ఆండర్సను జన్మించెను. ఆయన వంశీయులు స్కాట్లండు దేశస్థులు; ఆరు తరములుగా హిందూదేశముననే స్థిరపడినవారు. తండ్రి సైనికుల జీతములు పంచు కచేరిలో అధికారి.

బాల్యము చాలవరకు బెంగుళూరున గడచెను. అచ్చట బిషప్ కాటన్ పాఠశాలలోను, తరువాత సెయింట్ జోసెఫ్ కళాశాలలోను ఆయన విద్య నభ్యసించెను. న్యాయశాస్త్రము చదువుటకై పెద్దలు ఎడింబరో పంపిరి. కాని ఆ చదువు ఆయనకు రుచింపలేదు. మధ్యలోనే విడిచి తిరిగి వచ్చెను. పిమ్మట సుమారు 15 సంవత్సరములు తంతి తపాలా శాఖలోను, తదుపరి బెంగుళూరు విమానముల కర్మాగారములోను ఉద్యోగము చేసెను. ఈ ఉద్యోగముల వివరములు చెప్పుటవలన చదువరులకు లాభము తక్కువ. ఒక్క సంగతిమాత్రము గుర్తుంచుకొనవలెను: ఆయన జమీందారు కాడు, రాజు కాడు. ఏనుగులపై నెక్కి, నూర్లకొలది డప్పులవాండ్రచే అడవి త్రొక్కించి వేటాడు స్తోమతు ఆయనకు లేదు. సెలవు దొరికినపుడు పాతకారులో సామాను వేసికొని, అడవి యంచుననున్న పల్లెకు పోయి, అచ్చటి వేటగాండ్రతో నేలపై కూర్చుండి మాటలాడి, కాలినడకను అడుగుజాడలు పట్టుచు వేటాడువాడు. తుపాకిని గూర్చిన ప్రశ్న యిట్టివానికే నిజమైన ప్రశ్న. పదిమంది తుపాకులతో చుట్టు నిలిచిన రాజునకు చేతిలోనిది ఏదైనను ఒకటే.

రాజుల మాట వచ్చెను గాన చెప్పుచున్నాను. ఆండర్సను పుట్టిననాడు హైదరాబాదు నేలుచున్న ఆరవ నిజాము మహబూబ్ ఆలీ ఖాను గొప్ప వేటగాడు. ఆయన 30కి పైగా పులులను కొట్టెననియు, అందుచేతనే ‘తీస్ మార్ ఖాన్’ అను పేరు వచ్చెననియు జనులు చెప్పుకొందురు. ఇప్పటి పోచారము అభయారణ్యము ఒకప్పుడు నిజాముల వేటభూమియే. మన గోదావరికి ఆవలి నిర్మలు, ఆదిలాబాదు అడవులలో పులి తిరుగుట ఆనాడు వింత కాదు. ఇప్పుడు నిజాంసాగరపు నీటితో పెరిగిన బోధను చెఱకుతోటలలో అడవిపంది తప్ప పెద్దమృగము కానరాదు.

ఇక తుపాకి. పెద్దమృగముల వేటకు తుపాకి నేరుకొనువాడు మూడు సంగతులు చూచును. గుండు ఎంత బరువు? ఎంత వేగముగా పోవును? మొదటి గుండు తప్పినచో రెండవది ఎంత త్వరగా సిద్ధమగును? ఈ మూడును ఒకదానితో నొకటి కలహించునవి. బరువైన గుండు కావలెనన్న తుపాకి బరువగును, భుజమును తన్నును. తేలికగుండు దూరము పోవును, గుఱి సులభము. కాని మీదికి దూకు పులిని నిలుపునా యన్నది సందేహమే.

ఈ విషయమై పెద్ద వేటగాండ్రే ఏకాభిప్రాయులు కారు. ఆఫ్రికాలో వేయికి మించి ఏనుగులను కొట్టిన బెల్ అను స్కాట్లండువాడు ఎక్కువగా .275 తుపాకినే వాడెను. దాని గొట్టపు రంధ్రము అంగుళములో పాతికవంతుకంటె కొంచెమే పెద్దది. ఏనుగు తలలో మెదడు ఏ కోణమునుండి ఎక్కడ నుండునో ఆయన కోసి చూచి నేర్చుకొనెను గాన ఆయనకు చెల్లెను. మన దేశమున జిమ్ కార్బెట్టుకును అట్టి తుపాకియే ప్రియమైనది. మొత్తము 436 మందిని చంపిన చంపావతు ఆడపులిని 1907లో కుమావూ ప్రాంతమున కొట్టినందులకు లెఫ్టినెంటు గవర్నరు ఆయనకు బహుమానముగా ఇచ్చినది .275 రిగ్బీ. 1926లో రుద్రప్రయాగ చిఱుతను చంపినదియు దానితోడనే. అయినను కార్బెట్టు దట్టమైన పొదలలో గాయపడిన పులిని వెదుకునపుడు .450/400 జంటగొట్టముల తుపాకిని పట్టుకొనుటయు కలదు. అనగా ఆయనకు రెండు తుపాకులు కావలసివచ్చినవి.

ఇంగ్లండులో చేయు జంటగొట్టముల పెద్దతుపాకి, ఉదాహరణకు .470, పది పౌనులకు తక్కువ తూగదు. 500 గ్రెయినుల గుండును విసరును. దానితో దుప్పిని కొట్టుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. వెల చూడబోయిన సామాన్యోద్యోగికి అందనిది. పైగా దొరతనమువారి శాసనములు వేరు. 20వ శతాబ్దారంభమున .450 తుపాకులు ఈ దేశమునకు దిగుమతి కాకుండ నిషేధించిరి. పాత సైనిక తుపాకులకు ఆ గుండ్లు పనికివచ్చునని వారి భయము. అందుచేతనే ఇంగ్లండు పనివాండ్రు .465, .470 వంటి క్రొత్త కొలతలు కల్పించిరి. సైన్యపు .303ను కూడ సామాన్యులకు ఈయరైరి గాన .315 తుపాకి మన దేశమున వ్యాపించెను. వేటగాని ఇష్టము అడవిలో మొదలగునని మనమనుకొందుము. నిజమునకు అది లైసెన్సు కాగితమువద్ద మొదలగుచుండెను.

ఆండర్సను ఈ రెండు దారులును విడిచి అమెరికా దేశపు వించెస్టరును పట్టుకొనెను. జాన్ బ్రౌనింగు అను శిల్పి కల్పించిన 1895వ నమూనా తుపాకి, తూటా.405. ఈ తూటా 1904లో వెలువడెను. గుండు 300 గ్రెయినులు. తులమునకు 180 గ్రెయినులు గదా, కావున ఒక తులము పైని మూడింట రెండువంతులు. సెకనునకు సుమారు 2,200 అడుగుల వేగముతో పోవును. తుపాకి క్రిందిభాగమున ఒక మీట కలదు. దానిని క్రిందికి త్రోసి మీదికి లాగినచో కాలిన తూటా బయటపడి క్రొత్తది గొట్టములోనికి ఎక్కును. నాలుగు తూటాలు పెట్టెలోను, ఒకటి గొట్టములోను, మొత్తమైదు. జంటగొట్టములవానికి రెండే. గాయపడిన పులి మీదికి వచ్చునపుడు మూడవ గుండు ఉండుటకును లేకుండుటకును గల భేదమును వేఱుగ చెప్పనక్కరలేదు.

ఇంకొక సూక్ష్మము. అంతకుముందటి వించెస్టర్లలో తూటాలు గొట్టముక్రింద ఒక నాళములో ఒకదాని వెనుక నొకటి వరుసగా నుండెడివి. కొనదేరిన గుండు ముందుదాని అడుగునగల మందుబిళ్లను తాకి ప్రేలు ప్రమాదముండుటచే మొనలేని గుండ్లనే వాడవలసివచ్చెను. బ్రౌనింగు ఆ నాళమును తీసివేసి తూటాలను ఒకదానిపై నొకటి పేర్చు పెట్టెను తుపాకి నడుమ అమర్చెను. చిన్న మార్పే, కాని దానివలననే బలమైన తూటాలకు ఈ మీటతుపాకి పనికివచ్చెను.

అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోరు రూజ్వెల్టు 1909లో ఆఫ్రికా వేటకు పోవునపుడు ఈ .405ను తీసికొనిపోయి సింహములకు దీనికి మించినది లేదని తలంచెను. అంత మాత్రమున దోషము లేనిది కాదు. గుండు లావేగాని పొడవు చాలదు. ఏనుగు, అడవిదున్న వంటివాని దళమైన ఎముకలలోనికి లోతుగా దిగదు. దూరము పోయినకొలది త్వరగా వంగిపోవును. దాని తన్ను భుజమునకు గట్టిగా తగులును. మీట త్రోయునపుడు చప్పుడగును. రాత్రి మంచెపై నున్నవానికి ఆ చప్పుడు కీడు చేయును. మైదానములో దూరపు జింకను కొట్టువానికి నేనైన దీనిని ఈయను. అట్టివానికి 1912లో వచ్చిన .375 హాలండు తూటాయే మేలు. అన్ని మృగములకును ఒకటే తుపాకి యనిన, ప్రపంచమున నేటికిని ఎక్కువమంది చెప్పు పేరదియే.

కాని ఆండర్సను వేట మైదానములోనిది కాదు. ఆయన వేటాడిన తావులు ఆనాటి చిత్తూరు జిల్లా చామల లోయ, రేణిగుంటకు ఉత్తరముగా రైలుదారిపై నున్న మామండూరు, హోసూరు డెంకణికోటల దరి జవళగిరి, మైసూరు సీమ. ముండ్లపొదలు, వెదురు గుబురులు. పులి కనబడుట ముప్పది నలువది గజములలోనే. అదియు తరచు రాత్రివేళ. తుపాకి గొట్టమునకు టార్చిదీపమును బిగించి మంచెపై కూర్చుండి, దీపము వెలిగిన రెండు మూడు క్షణములలో కాల్చవలెను. ఇట్టిచోట దూరము పోవు గుండుకంటె దగ్గర పడగొట్టు గుండే ముఖ్యము. ఆ పనికి .405 సరిగా అమరెను. అందుచే జీవితమంతయు ఆయన దానినే అంటిపెట్టుకొని యుండెను. ఒకే తుపాకిని ఏండ్లకొలది మోసినవాడు చీకటిలో మీట ఎచ్చట నున్నదో వెదకుకొనడు. ఈ లాభము ఏ తూటా పట్టికలోను వ్రాయబడదు.

జవళగిరి సీమ నేటి తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోనిది. ఆ పల్లెలలో తెలుగు మాటాడువారు విస్తారముగా కలరు. అచ్చట నరభక్షిణియైన యొక ఆడపులిని ఆయన విచిత్రముగా చంపెను. అది జతకై అఱచుచుండగా విని, తానొక చెట్టునకు వీపానించి మగపులివలె అఱచెను. అది బదులు పలుకుచు దగ్గరకు వచ్చెను. కనబడగనే కాల్చెను. పల్లెలకు ప్రాణభయము తీరెను. అయినను జతగానిని వెదకుకొనుచు వచ్చిన జంతువును ఆ పిలుపుతోనే రప్పించి చంపుట చదువునపుడు మనస్సు కలుక్కుమనక మానదు.

జవళగిరికి ఎక్కువ దూరము కాని గుమ్మళాపురములో ఒక చిఱుత 42 మందిని తినెను. ఇండ్ల తలుపులు బిగించుకొనినను లోనికి చొచ్చుచుండెనట. ఆండర్సను పల్లెలో కాచియుండిన రాత్రి దిక్కులేని యొక ఊరకుక్కపిల్ల ఆయన చెంత చేరెను. అది భయముతో నుండుట చూచియే చిఱుత రాకను ఆయన తెలిసికొనెను. గుండు చిఱుతను తీసినది; కాని ప్రాణము కాపాడినది ఆ కుక్కపిల్ల. దానిని ఇంటికి తీసికొనిపోయి నిప్పరు అని పేరుపెట్టి పెంచెను. 1957 ప్రాంతమున మైసూరు సీమలో ఒక ఎలుగుబంటి 12 మందిని చంపి రెండు డజనుల మందిని గాయపరచెను. ఎలుగు మనుష్యుని ముఖమునే చీల్చును. బ్రతికినవాని గతి చచ్చినవానికంటె కష్టము. ఒక దర్గా సంరక్షకుని కుమారుడు దానిచే మరణించిన పిమ్మట ఆండర్సను పలుమారులు ప్రయత్నించి చివరకు దానిని కూల్చెను. 1939 మొదలు 1966 వరకు ప్రభుత్వపు లెక్కలలో ఆయన పేర నున్నవి నరభక్షక చిఱుతలు 8, పులులు 7.

ఇచ్చట చదువరులు ఒక్కక్షణము నిలువవలెను. పులి ఊరకే మనుష్యుని తినదు. చంపావతు ఆడపులి నోరు చూడగా కుడిప్రక్క కోరలు రెండును విరిగియుండెను. ఎవరో కాల్చిన తుపాకిదెబ్బయే అందులకు కారణము. ఆ దెబ్బతో దానికి అడవి ఆహారము కొట్టు శక్తి పోయెను. అనగా ఒక చేతగాని వేటగాని గుండు 436 మంది ప్రాణములను తీసినదని చెప్పవచ్చును. పంటలు కాయుటకై ఇనుపముక్కలు కూరిన నాటుతుపాకులు, చాలని తూటాతో ధైర్యము చూపబోయిన పట్టణపు షికారీలు, ఇట్టివారివలన కుంటివైన పులులెన్నో. కావున ఏ తుపాకి మంచిదను వాదము ఊసుపోక మాట కాదు. గాయపరచి వదలినవాడు ఇంటికి పోవును. ఆ మృగము మరునాడు గడ్డికోయువాని యెదుటికి వచ్చును. ఆండర్సను గాయపడిన మృగమును కాలినడకను వెంబడించి ముగించుట తన విధిగా నెంచెను. ఆ విధిని నెఱవేర్చుటకు తగినంత బలముగలదిగానే ఆయన తుపాకి యుండెను.

వయస్సు మీరినకొలది ఆయన చంపుటకంటె చూచుటయే ఎక్కువగా కోరెను. ఆయుధము లేకయే ఒంటరిగా అడవికి పోయి ధ్యానములో కూర్చుండుట ఆయనకు అలవాటు. ఛాయాపటములు తీయుటలోను, అడవిజంతువులను కాపాడవలెనని వ్రాయుటలోను మక్కువ చూపెను. 1954లో వెలువడిన ఆయన మొదటి గ్రంథము తొమ్మిది నరభక్షకములను, ఒక మదపుటేనుగును గూర్చినది. చామల లోయ పులి కథ అందున్నది. 1959లో శివనిపల్లి నల్లచిఱుత కథ, తరువాత మఱికొన్ని వెలువడినవి. అడవిప్రజలను, వారి నమ్మకములను, దయ్యపు కథలను సైతము ఆయన పరిహాసము చేయక వ్రాసెను. మాటకు మాట నిజమా యని తర్కించువారు కలరు. కాని ఆ పొదలు, ఆ చీకటి, ఆ పల్లెల భయము కల్పితములు కావు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి పులివేట నిషిద్ధమయ్యెను. 1974వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన ఆండర్సను బెంగుళూరున రాచపుండు వ్యాధిచే మరణించెను. చివరి గ్రంథము 1976లో ఆయన మరణానంతరము వెలువడెను. ఆయన పులిని వెదకిన చిత్తూరు కొండలలో కొంతభాగము 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానవనమయ్యెను. మన గోదావరికి ఆవల కవ్వాల అడవి 2012లో పులుల సంరక్షణ క్షేత్రముగా ప్రకటింపబడెను. 1895వ నమూనా వించెస్టరు తయారీ 1940 నాటికే ఆగెను; .405 తూటాల తయారీయు 1950ల నడుమ నిలిచిపోయి, 2000 తరువాత మాత్రమే అమెరికాలో మరల మొదలయ్యెను.