ఇంటి భాషలో పుట్టిన మూమిన్లు

మన పిల్లల్లో చాలామందికి బడి గేటు దాటితే వేరే భాష. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో 1914 ఆగస్టు 9న పుట్టిన తూవె యాన్సన్ కూడా అలాగే పెరిగారు. ఆ దేశంలో ఎక్కువమందిది ఫిన్నిష్, ఆమె ఇంట్లో స్వీడిష్. తెలుగు, ఒడియాల్లాగే అవి వేర్వేరు కుటుంబాల భాషలు. రెండూ అక్కడ అధికార భాషలే అయినా స్వీడిష్ మాట్లాడేవాళ్లు ఇప్పుడు వందకు ఐదుగురు.

తండ్రి విక్టర్ శిల్పి. తల్లి సిగ్నె స్వీడన్ నుంచి వచ్చిన చిత్రకారిణి, తపాలా బిళ్లలకు బొమ్మలు గీసేవారు. శిల్పం ఎప్పుడు అమ్ముడవుతుందో తెలియని ఆ ఇంటికి తల్లి గీతలే ఆధారం. తూవె ఆ తల్లిని చూస్తూ గీయడం నేర్చుకున్నారు.

స్టాక్‌హోమ్‌లో చదివేటప్పుడు మేనమామ ఇంట్లో ఉండేవారు. రాత్రిళ్లు వంటింట్లో తిండి దొంగిలించకుండా ఆయనొక భయం చెప్పారట: పొయ్యి వెనక భూతం ఉంది, మెడ మీద చల్లగా ఊదుతుంది అని. మన అమ్మమ్మల బూచాడే! ఇంకోసారి తమ్ముడితో తత్వవేత్త కాంట్ గురించి వాదన పెట్టుకుని, వేసవి ఇంటి మరుగుదొడ్డి గోడమీద వీలైనంత వికారమైన బొమ్మ గీశారు. ఆ పొడుగు ముక్కు జీవే తర్వాత 'గార్మ్' అనే స్వీడిష్ వ్యంగ్య పత్రికలో ఆమె సంతకం పక్కన చేరింది. ఆ పత్రికలోనే 1938లో హిట్లర్‌ను మారాం చేసే పిల్లాడిగా గీశారు. ఆ రోజుల్లో అది చిన్న ధైర్యం కాదు.

1939 చలికాలంలో సోవియట్ సైన్యం ఫిన్లాండ్ మీదికి వచ్చింది. రంగులు ముట్టబుద్ధి కాక ఆమె ఒక కథ మొదలుపెట్టారు. తప్పిపోయిన తండ్రిని వెతుకుతూ అడవినీ వరదనూ దాటే తల్లీకొడుకుల కథ అది. 1945లో అచ్చయినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1946లో తోకచుక్క కథ, 1948లో మాంత్రికుడి టోపీ కథ వచ్చాయి. ఈ మూడోదాంట్లో తోఫ్స్లాన్, విఫ్స్లాన్ అని ఇద్దరు చిట్టివాళ్లు పెట్టె పట్టుకుని మూమిన్ల ఇంటికి వస్తారు. ప్రతి మాటకూ ఏదో తోక తగిలించే వింత భాష వాళ్లది. అయినా ఆ ఇంట్లో వాళ్లకు చోటు దొరుకుతుంది. మా తరగతిలో ఈ కథ చెబితే పిల్లలు ఇక్కడే ఆపి మళ్లీ చెప్పమంటారు.

ఆ పుస్తకం 1950లో ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. పక్కింటి ఫిన్నిష్ పిల్లలకు మూమిన్ పుస్తకం వాళ్ల భాషలో అందింది 1955లో! ముందు లండన్, తర్వాత సొంత ఊరు. 1954 నుంచి లండన్ 'ఈవెనింగ్ న్యూస్' దినపత్రికలో మూమిన్ల బొమ్మల కథ రోజూ వచ్చింది. కొన్నేళ్లకు ఆమె అలసిపోయి ఆ పని తమ్ముడు లార్స్‌కు అప్పగించారు. 1966లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పతకం అందుకున్నారు. ఎంత పేరొచ్చినా రాసింది స్వీడిష్‌లోనే.

చిత్రకారిణి తూలిక్కి పియెతిలా ఆమె జీవిత సహచరి. క్లూవ్‌హారు అనే రాతి దీవిలో, కరెంటు లేని ఒంటిగది ఇంట్లో ఇద్దరూ పాతికేళ్లకు పైగా వేసవులు గడిపారు. 2001 జూన్ 27న తూవె హెల్సింకీలో కన్నుమూశారు.

ఆఖరి మూమిన్ నవల మాత్రం 1970లోనే వచ్చింది. తల్లి సిగ్నె పోయిందీ ఆ ఏడాదే. అందులో మూమిన్లు ఇంట్లో ఉండరు. వాళ్లకోసం వచ్చినవాళ్లు ఎదురుచూసి, ఒక్కొక్కరుగా వెళ్లిపోతారు. చివరికి మిగిలిన చిన్నవాడికి సముద్రం మీద దూరంగా ఒక పడవ దీపం కనిపిస్తుంది.