యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగస్టు, 1948) అమెరికాలో పరిశోధనలు చేసిన సుప్రసిద్ధ ఆంధ్ర వైద్య శాస్త్రవేత్త. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, బోదకాలు మందు హెట్రజాన్ - వీటితోనే ఆయన పేరు ఎక్కువగా వినిపిస్తుంది. మూత్రపిండాల పరీక్షలతో ఆయన పరిశోధనకు ఉన్న సంబంధం అంతగా ప్రచారంలోకి రాలేదు.

బాల్యం, విద్య

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గట్టెక్కింది. తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతికి హాజరు కావడం ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఆగ్రహం తెప్పించింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. ఈలోగా ఆయన సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో మరణించారు.

హార్వర్డులో పరిశోధన

మామగారి సహాయంతోను, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆర్థిక సహాయంతోను 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించారు. అమ్మోనియం మాలిబ్డేట్ కలిపినపుడు ఏర్పడే పదార్థాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఆ రంగు గాఢతను బట్టి భాస్వరం ఎంతో తెలుస్తుంది. మూత్రపిండాలు చెడినవారి రక్తంలో భాస్వరం పెరుగుతుంది కనుక ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఆసుపత్రి ప్రయోగశాలలలో దశాబ్దాల పాటు వాడుకలో ఉంది.

ఇదే పద్ధతితో కండరాల సారాన్ని పరీక్షిస్తుండగా రంగు రావలసినంత త్వరగా రాలేదు. మరొకరైతే పరికరంలో దోషమని వదిలివేసేవారేమో! కారణం వెదికిన వీరిద్దరికి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. కండరాలకు తక్షణ శక్తినిచ్చే నిల్వ ఇది. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడా ఈ పదార్థాన్ని విడిగా గుర్తించారు.

మూత్రపిండాల పరీక్షతో సంబంధం

కండరాలలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లలో కొద్ది భాగం ప్రతిరోజూ క్రియాటినిన్‌గా మారి రక్తంలో చేరుతుంది. మూత్రపిండాలు దానిని వడగట్టి బయటకు పంపుతాయి. క్రియాటినిన్‌ను కొలిచే పద్ధతి సుబ్బారావుది కాదు. 1886లో యాఫె గుర్తించిన రంగుమార్పు ఆధారంగా 1904లో ఆటో ఫోలిన్ దానిని రూపొందించాడు. హార్వర్డులో సుబ్బారావు పనిచేసిన విభాగానికి అధిపతి ఈ ఫోలినే.

నేడు గుంటూరులోనైనా, ఒంగోలులోనైనా పెద్ద శస్త్రచికిత్సకు ముందు ఈ పరీక్ష చేయించడం పరిపాటి. పత్తి, మిరప చేలలో రక్తపింజర కాటుకు గురైన రైతుకు కూడా ఇదే పరీక్ష పదేపదే చేస్తారు. 2012 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం 48 గంటలలో క్రియాటినిన్ డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినా, శరీర బరువులో కిలోకు గంటకు 0.5 మి.లీ. కన్నా తక్కువ మూత్రం 6 గంటల పాటు వచ్చినా మూత్రపిండాలకు హఠాత్తుగా హాని కలిగినట్లు పరిగణిస్తారు. అయితే క్రియాటినిన్ ఆలస్యంగా పెరుగుతుంది. అందువలన శస్త్రచికిత్స తరువాత ఒక్క పరీక్షతో సరిపెట్టక, గంటగంటకు మూత్రాన్ని కూడా కొలుస్తారు.

లెడర్లీలో

హార్వర్డు శాశ్వత పదవి ఇవ్వకపోవడంతో 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సకు అది ఉపయోగపడింది. ఫోలిక్ ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసే మెథోట్రెక్సేట్ కూడా అక్కడే రూపొందింది. ఆ మందు ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. కనుక దానిని వాడేవారికి క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి.

సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్కు సమీపంలోని స్కార్స్‌డేల్‌లో నిద్రలోనే మరణించారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. నోబెల్ బహుమతి రాలేదు. భారత ప్రభుత్వం 1995లో, శతజయంతి సందర్భంగా, ఆయన స్మారకార్థం తపాలా బిళ్ళ విడుదల చేసింది.