కుమారి రేచెల్ కార్సన్

సముద్రమును గూర్చి లోకమునకు బోధించిన ఈ విదుషి ఇరువది రెండేండ్లు వచ్చువఱకు సముద్రమును చూచి యెఱుగదు. 1907వ సంవత్సరము మే 27వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, తీరమునకు దూరమైన స్ప్రింగ్‌డేల్‌లో జన్మించి, 1929లో వుడ్స్ హోల్ పరిశోధనాలయమునకు పోయినప్పుడే సముద్రదర్శనము పొందెను. 1935లో తండ్రి మరణింపగా, మత్స్యశాఖవారికి రేడియో ప్రసంగములు వ్రాసి కుటుంబమును పోషించెను. 1951లో ‘ది సీ అరౌండ్ అస్’ అను గ్రంథముచే ఖ్యాతిగాంచెను.

మేన్ తీరమున రాళ్ల నడుమ నిలిచిన నీటిలోని చిన్న ప్రాణులను పరీక్షించిన పిదప, తీసిన చోటనే మరల విడుచుట ఆమె వాడుక. ఆమె గ్రంథములకంటెను ఈ వాడుకయే మాకు ప్రియము. తన యక్క మనుమని నచటికి వెంట గొనిపోయెడిది. బాలురకు పేర్లు వల్లింపజేయుటకంటె ఆశ్చర్యపడ నేర్పుట మేలని 1956లో ఒక వ్యాసమున తెలిపెను.

మానవుడు నేలను చెఱచినను సముద్రమును చెఱుపజాలడని ఆమె మొదట నమ్మెను. అణుకర్మాగారముల విషశేషములను పీపాలలో నింపి కడలిలో పడవేయుచుండుట తెలిసి, 1961లో ఆ గ్రంథమునకే క్రొత్త పీఠిక వ్రాసి ప్రజలను హెచ్చరించెను. పేరుపొందినవారు తమ మాటను తామే దిద్దుకొనుట అరుదు.

రాచపుండుతో బాధపడుచునే, పురుగుమందుల కీడును దెలుపు ‘సైలెంట్ స్ప్రింగ్’ గ్రంథమును 1962లో ప్రకటించి, 1964 ఏప్రిల్ 14వ తేదీన కన్నుమూసెను. ఆమె చితాభస్మములో కొంత మేన్ తీరమున సముద్రములో కలిపిరి.